కామర్స్ సార్లకు, మేడమ్‌లకు: క్లాసు మొత్తానికి ఒకే కవర్ లెటర్ ఇవ్వకండి

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ, పీజీ కాలేజీల కామర్స్ అధ్యాపకులకు, ప్లేస్‌మెంట్ బాధ్యత చూస్తున్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మేము అకౌంట్స్, ఆడిట్, బ్యాంకింగ్ ఆఫీసుల్లో పనిచేస్తూ, ఆ కొలువుల కోసం వచ్చే దరఖాస్తులు చదివేవాళ్లం. మీ దగ్గర చదివిన పిల్లల దరఖాస్తులు కూడా మాకు వస్తుంటాయి. రెజ్యూమె ఎవరిది వాళ్లదే ఉంటుంది. దానితో పాటు పంపే ఉత్తరం, అంటే కవర్ లెటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక కాలేజీ నుంచి వచ్చినవన్నీ ఒక్కటే. అవే నాలుగు పేరాలు, అవే పొగడ్తలు, కింద పేరు మాత్రం వేరు. రెండో ఉత్తరం తెరవగానే ఆ సంగతి తెలిసిపోతుంది. మూడోది ఎవరూ పూర్తిగా చదవరు. అందులో నిజంగా పని వచ్చిన పిల్ల ఉన్నా ఆమె మిగతావాళ్లతో పాటే పక్కకు పోతుంది. మాకు బాధ కలిగించేది అదే.

క్లాసు మొత్తానికీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఆ ఒకే నమూనా ఉత్తరాన్ని దయచేసి ఆపేయండి. దాని బదులు, తాము చేసిన పనిని అంకెలతో, రుజువుతో రాయడం పిల్లలకు నేర్పండి. ఫైనాన్స్ కొలువుకు వచ్చిన ఉత్తరాన్ని చివరికి చదివేది లెక్కలు సరిచూడటమే వృత్తిగా ఉన్న మనిషి. 'ఐ యామ్ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్' అన్న మాటను ఆయన దేనితోనూ సరిచూడలేరు. నెలకు ఎన్ని బిల్లులు ఎంటర్ చేశారో, తేడాలు ఎక్కడ దొరికాయో రాస్తే దాని మీద ప్రశ్న అడగగలరు. ప్రశ్న అడగాలనిపిస్తేనే ఇంటర్వ్యూకు పిలుస్తారు.

కవర్ లెటర్ అన్ని కొలువులకూ అక్కర్లేదన్నది కూడా పిల్లలకు ముందే చెప్పాలి. ఐబీపీఎస్, ఎస్‌బీఐ క్లర్కు, పీఓ ఉద్యోగాలు రాత పరీక్షతో నడుస్తాయి, అక్కడ ఉత్తరం అడగరు. కాలేజీకి వచ్చి పెట్టే పెద్ద డ్రైవ్‌లలోనూ ఎక్కువగా ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూలే తేలుస్తాయి. ఉత్తరం పనికొచ్చేది దరఖాస్తు ఈమెయిల్‌లో పోయే చోట. హైదరాబాద్ సీఏ ఆఫీసులు, ట్యాక్స్ కన్సల్టెంట్లు, ఫైనాన్స్ కంపెనీలు, జడ్చర్ల పోలేపల్లి, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల అకౌంట్స్ విభాగాలు, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ మిల్లులు అలాంటివి. నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని విదేశీ కంపెనీల వెబ్‌సైట్లలో ఉత్తరం అప్‌లోడ్ చేసే గడి ఉంటే దాన్ని ఖాళీగా వదలకూడదు.

ఉత్తరం రాయించే ముందు ఉద్యోగ ప్రకటన చదివించండి. ప్రకటన ప్రింట్ తీసి, వాళ్లు అడిగిన పనుల కింద పెన్సిల్‌తో గీత గీయించండి. ఉదాహరణకు అకౌంట్స్ పేయబుల్ (సరుకు అమ్మినవాళ్లకు చెల్లింపులు చూసే విభాగం) ఎగ్జిక్యూటివ్ ప్రకటనలో ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్, త్రీ వే మ్యాచ్, వెండర్ రికన్సిలియేషన్ (అమ్మినవాడి లెక్కను మన లెక్కతో పోల్చడం), ఎక్సెల్, నైట్ షిఫ్ట్ అని ఉంటాయి. వీటిలో తనకు రుజువు ఉన్న రెండింటిని పిల్లాడు ఎంచుకోవాలి. ఐదింటికీ తగుదునని రాస్తే ఏ ఒక్కదానికీ చోటు మిగలదు. ఎంచుకున్న ఆ రెండు మాటల్నీ ప్రకటనలో ఉన్నట్టే రాయాలి. చాలా కంపెనీల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్ వడపోస్తుంది, హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఆ మాటల కోసమే వెతుకుతారు.

'మా దగ్గర రుజువు ఏముంది సార్, మేం ఫ్రెషర్లం కదా' అని పిల్లలు అడుగుతారు. ఇక్కడే మీ సాయం అన్నిటికన్నా ఎక్కువ కావాలి. తాము చేసినదాంట్లో ఫైనాన్స్ పని ఏదో వాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

మన ఊళ్లలో వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర రికార్డులు రాసే డిగ్రీ పిల్లలు ఉంటారు. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ సెంటర్‌లో జరిగేది చూడండి. రైతుకు టోకెన్ ఇస్తారు, తేమ 17 శాతం దాటలేదని చూస్తారు, కాంటా పెడతారు, 40 కిలోల లెక్కన బస్తాలు నింపుతారు, లారీకి ట్రక్ షీట్ రాస్తారు, మిల్లు నుంచి దించుకున్నట్టు రసీదు వస్తుంది, ఆ తర్వాతే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. కంపెనీ అకౌంట్స్ పేయబుల్‌లో పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్, అమ్మినవాడి ఇన్‌వాయిస్ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, పరిమాణం, ధర సరిపోతేనే చెల్లింపుకు పంపుతారు. త్రీ వే మ్యాచ్ అంటే ఇదే. కాంటా లెక్క, ట్రక్ షీట్, మిల్లు రసీదు పోల్చి చూసిన పిల్లాడికి ఆ పని మూలం తెలిసినట్టే. ట్రక్ షీట్‌లో 600 బస్తాలు ఉండి మిల్లు రసీదులో 594 వస్తే ఏం చేయాలో అతను కళ్లతో చూసి ఉంటాడు. కానీ రెజ్యూమెలో ఆ ముక్కే ఉండదు. 'హాబీస్: క్రికెట్, లిజనింగ్ మ్యూజిక్' అని ఉంటుంది.

ఆ పనిని ఉత్తరంలో ఇలా రాయొచ్చు. 'వానాకాలం సీజన్‌లో మా ఊరి కొనుగోలు కేంద్రంలో ఆరు వారాలు రికార్డులు రాశాను. 40 లారీల ట్రక్ షీట్లను మిల్లు రసీదులతో పోల్చాను. మూడు లారీల్లో బస్తాల సంఖ్య కలవలేదు. వాటిని ఎక్సెల్‌లో జాబితా చేసి ఇన్‌ఛార్జికి ఇచ్చాను. రెండింటిని సరిదిద్దారు, ఒకటి తరుగు కింద నమోదైంది.' దీన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెడితే సరిపోతుంది. ఎంత పని, ఏ పరికరంతో, ఏ తేడా దొరికింది, చివరికి ఏమైంది అన్న నాలుగూ అందులో ఉన్నాయి. అంకెలు మాత్రం నిజమైనవే కావాలి. గుర్తు లేకపోతే 'సుమారు' అని రాయించండి, పెంచి రాయనివ్వకండి.

ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర సాయంత్రం పూట పనిచేసిన పిల్లలు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో చాలామంది ఉంటారు. వాళ్లు 'ట్యాలీ, జీఎస్టీ వచ్చు' అని రాసి ఊరుకుంటారు. ఏమేం వచ్చో విప్పి రాయమనండి. నెలకు సుమారు ఎన్ని కొనుగోలు బిల్లులు ట్యాలీ ప్రైమ్‌లో ఎక్కించారు, 14వ తేదీన జీఎస్టీఆర్ 2బి (అమ్మినవాళ్లు ఫైల్ చేసిన బిల్లుల జాబితా) వచ్చాక దాన్ని కొనుగోలు రిజిస్టర్‌తో పోల్చారా, 20వ తేదీ 3బి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) గడువులోపు తేడాలు ఎలా తేల్చారు. తేడా సాధారణంగా ఎందుకు వస్తుందో కూడా తెలిసి ఉండాలి: అమ్మినవాడు ఆలస్యంగా ఫైల్ చేయడం, జీఎస్టీ నంబర్‌లో ఒక అక్షరం తప్పడం, ఇన్‌వాయిస్ నంబర్ వేరుగా కొట్టడం. ఉత్తరంలో వీటిలో ఒక్క కారణం రాసినా, ఈ పిల్ల నిజంగా పని చేసిందని చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఉత్తరంలో రాసిన ప్రతి మాటా ఇంటర్వ్యూలో ప్రశ్నై వస్తుంది. రైస్ మిల్లు లెక్కలు చూశానని రాస్తే 'మిల్లు కొన్న వడ్లు 2బిలో కనబడవు, ఎందుకు' అని అడగొచ్చు. రైతు జీఎస్టీలో రిజిస్టర్ అయిన వ్యాపారి కాడు, పన్ను ఇన్‌వాయిస్ ఇవ్వడు. 2బిలో కనబడేవి గోనె సంచులు, మిషన్ విడిభాగాలు, రిపేరు సేవల్లాంటి వాటి బిల్లులు. 'బియ్యం మీద జీఎస్టీ ఎప్పుడు పడుతుంది' అని కూడా అడగొచ్చు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న సంచులపై 5 శాతం. ఈ రెండింటికీ జవాబు చెప్పలేని పిల్లాడు ఆ వాక్యం రాయకపోవడమే మేలు. అందుకే ఉత్తరంలోని ఒక్కో వాక్యం మీద మీరు రెండేసి ప్రశ్నలు వేయండి. జవాబు రాని వాక్యాన్ని కొట్టేయించండి.

ఉద్యోగాన్ని బట్టి రుజువు మారుతుంది. మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్ కొలువుకు డిగ్రీ మార్కులకన్నా ఏ మండలాలు తెలుసు, బండి, డ్రైవింగ్ లైసెన్సు ఉన్నాయా, తెలుగుతో పాటు ఉర్దూ, నారాయణపేట, గద్వాల వైపైతే కన్నడ మాట్లాడగలరా అన్నవి ముందు రావాలి. అమ్మ పొదుపు సంఘం పుస్తకాలు రాసిపెట్టిన అనుభవం ఉంటే అది రెండో పేరాలో రాయాలి. కుటుంబ వార్షికాదాయం 3 లక్షల లోపు ఉంటేనే అది మైక్రోఫైనాన్స్ రుణం అవుతుందని, నెల వాయిదాలన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదని 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు చెబుతాయి. ఆ సంగతి తెలిసినట్టు ఒక వాక్యంలో కనబడితే మిగతా దరఖాస్తుల కన్నా ముందుంటారు.

ఫండ్ అకౌంటింగ్ (మ్యూచువల్ ఫండ్ల లాంటి వాటి లెక్కలు చూసే) కొలువులకు ఎంకాం పిల్లలు ఎక్కువగా దరఖాస్తు పెడతారు. ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ లెక్క (ఆస్తుల్లోంచి అప్పులు తీసేసి యూనిట్ల సంఖ్యతో భాగించడం) అందరూ రాస్తారు. అది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. హైదరాబాద్ ఆఫీసుల్లో చూసేది చాలావరకు విదేశీ ఫండ్లు. అమెరికా షేర్ల సెటిల్‌మెంట్ 2024 మే 28 నుంచి టీ ప్లస్ 1కి (లావాదేవీ జరిగిన మరుసటి పనిదినానికే షేర్లు, డబ్బు చేతులు మారడం) మారింది, మన దేశంలో 2023 జనవరికే పూర్తిగా మారింది. గడువు ఒక రోజు తగ్గితే రికన్సిలియేషన్ పని మీద ఏం ఒత్తిడి పడుతుందో ఆలోచించి ఒక వాక్యం రాయగలిగితే చాలు.

అనలిస్ట్ కొలువు అడిగేవాళ్లు ఉత్తరంతో పాటు రెండు పేజీల నోట్ జత చేస్తే బాగుంటుంది. లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక ఒకటి తీసుకుని మూడేళ్ల అమ్మకాలు, రావాల్సిన బాకీలు, వ్యాపారం నుంచి వచ్చిన నగదు చూడాలి. అమ్మకాలు 12 కోట్లు, బాకీలు 2 కోట్లు ఉంటే డబ్బు రావడానికి సుమారు 61 రోజులు పడుతోందని లెక్క. మరుసటి ఏడు అమ్మకాలు అంతే ఉండి బాకీలు 3 కోట్లైతే అది 91 రోజులు. లాభం కనబడుతున్నా నగదు ఎందుకు తగ్గిందో ఆ తేడా చెబుతుంది. ఉత్తరంలో ఈ నోట్ గురించి రెండు వాక్యాలు చాలు. కేవైసీ (ఖాతాదారుల గుర్తింపు సరిచూసే) కొలువులకైతే ఇంత అక్కర్లేదు. కంపెనీలో 10 శాతం మించి వాటా ఉన్న అసలు యజమానిని గుర్తించడం ఎలాగో తెలుసునని రాసి, దాని మీద ప్రశ్నలకు సిద్ధంగా ఉంటే సరి.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి, వీటిలో నష్టం ఎక్కువ. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉత్తరంలో ఎన్నడూ ఉండకూడదు. తండ్రి పేరు, కులం, పెళ్లి వివరాలు అక్కర్లేదు. పనిచేసిన చోట క్లయింట్ల పేర్లు, వాళ్ల టర్నోవర్ అసలే రాయకూడదు. 'ఒక రైస్ మిల్లు', 'ఒక ఎరువుల దుకాణం' అంటే చాలు. ఒకరి లెక్కలు బయట పెట్టినవాళ్లు రేపు మా లెక్కలూ పెడతారని చదివేవాళ్లు అనుకుంటారు, ఫైనాన్స్‌లో ఈ ఒక్క కారణంతోనే దరఖాస్తు పక్కన పెడతారు. జీతం అడిగితేనే రాయాలి. అడిగితే ఏడాది మొత్తమా, చేతికొచ్చే నెల జీతమా స్పష్టంగా చెప్పాలి. రిజిస్ట్రేషన్ ఫీజనో, ట్రైనింగ్ డిపాజిటనో ముందే డబ్బు అడిగే చోటికి ఉత్తరమే పంపొద్దని గట్టిగా చెప్పండి.

సీఏ చదివే పిల్లల విషయంలో మరింత కచ్చితంగా ఉండాలి. రెండు గ్రూపుల్లో ఒకటే పాసైతే 'సీఏ ఇంటర్ గ్రూప్ 1 పాస్' అని నెల, సంవత్సరంతో రాయాలి. ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం రాకముందు పేరు పక్కన సీఏ అని పెట్టుకోకూడదు. 2023 జూలై నుంచి వచ్చిన కొత్త విధానంలో ఇంటర్ రెండు గ్రూపులూ పాసైతేనే ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ), అదీ రెండేళ్లే. ఒక గ్రూపే అయినవాళ్లు ఆర్టికల్‌షిప్ అడిగితే ఉత్తరం వృథా అవుతుంది. వాళ్లు అకౌంట్స్ అసిస్టెంట్‌గా అడగాలి.

డిగ్రీ తర్వాత రెండు మూడేళ్లు అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో బ్యాంకు కోచింగ్ తీసుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. ఆ ఖాళీని దాచడానికి వాళ్లు తేదీలే రాయడం మానేస్తారు, అప్పుడు అనుమానం పెరుగుతుంది. ఒక్క వాక్యంలో తేటగా చెప్పమనండి: 'ఈ రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు సిద్ధమయ్యాను, ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్ రాశాను, ఇప్పుడు అకౌంట్స్ పనిలో చేరాలని నిర్ణయించుకున్నాను.' అంతకు మించి సంజాయిషీ వద్దు. ఇంటి ఇబ్బందులు, అప్పులు, 'దయచేసి ఒక అవకాశం ఇవ్వండి' అని బతిమాలడం వద్దు. ఆ కష్టాలు మాకు తెలియనివి కావు. ఉత్తరంలో వాటిని చూసినప్పుడు మనసు కరుగుతుంది కానీ ఎంపికలో అవి లెక్కకు రావు.

ఇంగ్లిష్ గురించి. తెలుగు మీడియం పిల్లలు ముందు తాము చేసిన పనిని మీ ఎదుట తెలుగులో చెప్పాలి, మీరు వినాలి. తర్వాత దాన్నే పదిహేను మాటలు దాటని ఇంగ్లిష్ వాక్యాల్లో రాయించాలి. 'రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్', 'కైండ్లీ డు ద నీడ్‌ఫుల్' లాంటివి తీసేయండి. ప్రకటనలో పేరు ఉంటే ఆ పేరుతో, లేకపోతే 'డియర్ హైరింగ్ మేనేజర్' అని మొదలుపెడితే చాలు. 'నా ఇంగ్లిష్ బాగుండదు, క్షమించండి' అని రాయనివ్వకండి. ఏఐతో రాయించిన ఉత్తరాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. వ్యాకరణం సరిచూసుకోవడానికి వాడితే తప్పులేదు. మొత్తం దానితోనే రాయిస్తే ఫ్రెషర్ నోట 'స్పియర్‌హెడెడ్', 'రిజల్ట్స్ డ్రివెన్' లాంటి మాటలు వచ్చి పడతాయి. ఇంటర్వ్యూలో ఆ పిల్లాడే వాటి అర్థం చెప్పలేకపోతాడు.

కొలతలు చెబుతాం. ఒక్క పేజీ, 250 నుంచి 350 మాటలు. మొదటి పేరాలో ఏ ఉద్యోగం, జాబ్ ఐడీ, తన దగ్గరున్న బలమైన రుజువు ఒకటి. మధ్యలో ఒకటి రెండు పేరాల్లో పని వివరాలు. చివర ఎప్పుడు చేరగలరు, షిఫ్టుకు, హైదరాబాద్ మారడానికి సిద్ధమేనా, ఫోన్ నంబర్. అక్షరం సైజు 11, పీడీఎఫ్ ఫైల్, ఫైలు పేరులో తన పేరు, ఉద్యోగం పేరు. ఫొటో తీసిన కాగితం, స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపొద్దు, సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా చదవలేకపోవచ్చు. ఈమెయిల్‌లో ఖాళీ మెసేజ్‌కు రెండు ఫైళ్లు తగిలించి పంపడం చాలామంది చేసే పొరపాటు. విడిగా ఫైలు అడగకపోతే ఉత్తరాన్ని ఈమెయిల్‌లోనే పెట్టాలి. సబ్జెక్టులో ఉద్యోగం, జాబ్ ఐడీ, పేరు ఉండాలి.

పంపే ముందు ఇంకో మనిషి సరిచూడాలి. కంపెనీ పేరు సరైనదేనా? పాత ఉత్తరంలోని ఇంకో కంపెనీ పేరు మిగిలిపోయిన దరఖాస్తులు మాకు తరచూ వస్తాయి. రెజ్యూమెలో 7.2 సీజీపీఏ ఉండి ఉత్తరంలో 75 శాతం అని ఉందా? రెండింట్లో నెలలు, సంవత్సరాలు కలుస్తున్నాయా? రెండు కాగితాల్లోని అంకెలు కలవకపోతే ఈ రంగంలో దాన్ని టైపింగ్ పొరపాటుగా ఎవరూ వదిలెయ్యరు.

కాలేజీలో ఇదంతా చేయడానికి కొత్త కోర్సు అక్కర్లేదు, రెండు పీరియడ్లు చాలు. మొదటి దాంట్లో ప్రకటన చదివి గీతలు గీయడం, రుజువులు వెతకడం. రెండో దాంట్లో ఉత్తరం రాసి, పక్కవాళ్లతో మార్చుకుని తప్పులు పట్టడం. లెక్కలు కామర్స్ సార్ చూస్తారు, భాష ఇంగ్లిష్ మేడమ్ చూస్తారు. మూడో సెమిస్టర్ నుంచే ప్రతి పిల్లా ఒక నోట్‌బుక్‌లో తాను చేసిన పనులను, తేదీ, సంఖ్య, దొరికిన తేడాలతో రాసిపెట్టుకోవాలి. ప్రాజెక్టు రిపోర్టులను దుకాణంలో కొనకుండా ఊళ్లోని పొదుపు సంఘం, పాల కేంద్రం, కిరాణా దుకాణం లెక్కల మీద చేయిస్తే ఉత్తరానికి కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది. ఆ ప్రాజెక్టుతోనే ఎక్సెల్‌లోని సమ్‌ఇఫ్స్, ఎక్స్‌లుకప్, పివట్ టేబుల్ కూడా వస్తాయి.

ఐదో సెమిస్టర్ మొదలయ్యేలోపు ఈ రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లో పెట్టండి. ఇంటర్వ్యూ పిలుపు తెచ్చిన ఉత్తరాల్లో పేర్లు, నంబర్లు తీసేసి ఒక ఫైలులో దాచండి. అవి చదివించడానికే, కాపీ కొట్టించడానికి కాదని పిల్లలకు చెప్పండి. పిలుపు రాని ఉత్తరాలు కూడా దాచండి. ఏ వాక్యం దగ్గర చదివేవాళ్లు ఆగిపోయి ఉంటారో క్లాసులో కలిసి చర్చించడానికి అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇట్లు,
అకౌంట్స్, ఆడిట్, బ్యాంకింగ్ రంగాల్లో పనిచేస్తున్న నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లం